బూడిదనీరు, గోధుమపోగు

యాదగిరిగుట్టపై లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకొని క్రిందికి దిగివచ్చు యాత్రికుని చేత సామాన్యముగా రెండు వస్తువులు ఉండును. ఒకటి ప్రసాదముగా లభించిన పులిహోర. రెండవది నుదుట ధరించి, మిగిలినదానిని ఇంటివారికై పొట్లము కట్టుకొన్న కుంకుమ. పులిహోర పసుపుపచ్చగా ఉన్నది, కుంకుమ ఎర్రగా ఉన్నది. అయినను సంప్రదాయానుసారముగా చేసిన కుంకుమకును పులిహోరకును రంగునిచ్చునది ఒక్క పసుపుకొమ్మే. పసుపులో కుర్కుమిన్ అను వర్ణద్రవ్యము కలదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము తోడుగా ఉన్నంతవరకు అది పచ్చదనమును విడువదు. సున్నము సోకినంతనే ఎరుపెక్కును. పెండ్లియింట వధూవరులకు దిష్టి తీయుటకై పళ్ళెములో ఎర్రనీళ్ళు కలుపు పెద్దముత్తైదువ, పసుపునీళ్ళలో చిటికెడు సున్నము వేసి వ్రేలితో త్రిప్పునప్పుడు, ఆమ్లమునకును క్షారమునకును గల భేదమును కన్నులారా చూచుచున్నది.

ఈ అధ్యాయమున మనము పరిశీలింపబోవునది ఆ క్షారము గోధుమపిండిలో చేయు పనిని. జపాను దేశపు రామెన్ అను పోగుల వంటకమునకును, ఆ దేశపు దక్షిణాగ్రమున నున్న ఓకినావా ద్వీపముల సోబాకును రంగును, పట్టును, వాసనను ప్రసాదించునది క్షారజలమే. ఆ క్షారమే మన అప్పడములలో, మన చవుటినేలలలో, దురదృష్టవశమున నల్లగొండ పల్లెల బావులలో సైతము తన పనిని తాను చేయుచున్నది. పరదేశపు రుచి పరలోకపు పదార్థములతో తయారైనది కాదనియు, నేలయు నీరును బూడిదయు ఒక్కొక్కచోట ఒక్కొక్క మోతాదున కలిసి ఆయా సీమల రుచులను నిర్మించుచున్నవనియు చూపుటయే నా ఉద్దేశము.

పోగు నిలుచుట ఎట్లు?

సంక్రాంతికి తెలంగాణమున సకినాలు చుట్టని ఇల్లు అరుదు. నానిన బియ్యమును మెత్తగా పిండి పట్టించి, నువ్వులును వామును చేర్చి, తడిపిన ఆ పిండిని మూడు వ్రేళ్ళ నడుమ మెలిపెట్టుచు పరచిన బట్టపై చుట్లుచుట్లుగా వేయుట చేయితిరిగిన స్త్రీలకు మాత్రమే సాధ్యమగు విద్య. ఆ పిండిని వ్రేళ్ళతో మెలిపెట్టవచ్చునే గాని, రెండు చేతులతో పట్టి సాగదీయుట బ్రహ్మకైనను శక్యము కాదు. సాగదీసినచో పుటుక్కున తెగిపోవును. గోధుమపిండి ముద్ద అట్లు కాదు. లాగినకొలది సాగును, విడిచినచో కొంత వెనుకకు ముడుచుకొనును. ఈ భేదమునకు కారణము బియ్యములో లేనివియు గోధుమలో ఉన్నవియు అగు రెండు మాంసకృత్తులు: గ్లయాడిన్, గ్లూటెనిన్ అనునవి. పిండికి నీరు తగిలి, చేయి ఒత్తిడి తోడయినప్పుడు ఇవి రెండును పెనవేసుకొని గ్లూటెన్ అను వలగా ఏర్పడును. దీనిని చూడగోరువారు గోధుమపిండి ముద్దను అరగంటసేపు నాననిచ్చి, పిమ్మట గిన్నెడు నీళ్ళలో ఉంచి మెల్లగా పిసుకవలెను. నీరు పాలవలె తెల్లబడి పిండిపదార్థము కొట్టుకొనిపోగా, చేతిలో బూడిదవన్నె గల జిగటముద్ద మిగులును. అదియే గ్లూటెన్.

గుట్టకు కూతవేటు దూరమున అని చెప్పలేకపోయినను, అదే జిల్లాలోని పోచంపల్లిలో నేతగాండ్రు చిక్కుపడిన నూలును పడుగుగా సాచి, ప్రతి పోగును ఒకే దిక్కునకు మరల్చి బిగింతురు గదా. గోధుమముద్దను ఒత్తి, మడచి, మరల ఒత్తునప్పుడు గ్లూటెన్ పోగులు సైతము అట్లే ఒక దిక్కునకు మరలి బలపడును. హైదరాబాదునుండి గుట్టకు పోవు దారిలోని బీబీనగరమున, బాంబినో పేరిట ఇంటింటను ఎరిగిన సేమియాలు తయారగుచున్నవి. గట్టి గోధుమరవ్వను తడిపి, సన్నని రంధ్రములగుండ ఒత్తిడితో నెట్టి, ఎండబెట్టుట ఆ సేమియాల తయారీలోని ముఖ్యవిధానము. ఆ రవ్వకు సహజముగా ఉన్న పచ్చదనము లూటీన్ అను వర్ణద్రవ్యమువలన కలిగినది. అందు క్షారముతో పని లేదు. రామెన్ పోగుల పచ్చదనమో, పూర్తిగా వేరొక మార్గమున వచ్చినది.

ఓకినావా బూడిద

ఓకినావా ద్వీపములు 1879 వరకు ర్యూక్యూ అను ప్రత్యేకరాజ్యము. చీనాతో వర్తకసంబంధములు గల ఆ రాజ్యమునకు గోధుమపోగుల వంటకము చీనాదేశమునుండియే చేరినది; సామాన్యప్రజల భోజనముగా వ్యాపించినది మాత్రము తరువాతి కాలముననే. జపాను ప్రధానభూభాగమున సోబా అనగా కుట్టు అను ధాన్యపుపిండితో చేయు పోగులు. ఓకినావా సోబాలో కుట్టుపిండి రవంతయు లేదు. అది కేవలము గోధుమపిండి. ఈ కారణముచేతనే, 1972లో ఆ ద్వీపములు అమెరికా పాలననుండి జపానునకు తిరిగి చేరిన కొలదికాలమునకు, ఆ పేరును వాడరాదని వ్యాపారనియంత్రణాధికారులు ఆక్షేపింపగా, ద్వీపవాసులు పట్టువిడువక వాదించి 1978 అక్టోబరు 17వ తేదీన ప్రత్యేకానుమతిని సాధించుకొనిరి. ఆ దినమును నేడు వారు ఓకినావా సోబా దినముగా పాటించుచున్నారు. తమ పల్లెల వంటకమునకై ఒక జనసముదాయము ఇంత పట్టుదల వహించుట నాకు మిక్కిలి ఆదరణీయముగా తోచుచున్నది.

ఆ పోగులను చేయు ప్రాచీనవిధానము మరింత ఆసక్తికరము. మన మర్రికి దగ్గరి చుట్టమైన గజుమారు మొదలగు చెట్ల కట్టెలను కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో కలిపి, కదల్పక ఉంచుదురు. మడ్డి అడుగునకు దిగగా పైన తేరిన నీటిని మెల్లగా వంపుకొని, దానితో గోధుమపిండిని కలుపుదురు. కట్టెబూడిదలో సున్నపుసంబంధమైన లవణములు అధికముగా ఉన్నను, అవి నీట అంతగా కరగవు. సులభముగా కరగునది పొటాషియం కార్బొనేట్. కావున తేరిన నీటిలో ప్రధానముగా ఉండునది అదియే. ఇట్లు చేసిన లావుపాటి పోగులను ఉడికించి, చన్నీళ్ళతో కడుగక, కొంచెము నూనె పట్టించి ఆరబెట్టుట ఓకినావా పద్ధతి. పంది ఎముకలును ఎండుచేపయు మరిగించిన చారులో ఆ పోగులను వేసి, పైన మాంసపుముక్కలు, చేపపిండి ముద్దను కోసిన బిళ్ళలు, ఉల్లికాడలు, ఎర్రని అల్లపు ఊరగాయ ఉంచి వడ్డింతురు. కారము కోరువారు అవమోరి అను బియ్యపుసారాలో మిరపకాయలను ఊరవేసిన ద్రవమును కొన్ని చుక్కలు చిలకరించుకొందురు. మిరప మనకువలెనే వారికిని అమెరికాఖండమునుండి వచ్చిన కాయయే.

ప్రధానభూభాగమున వాడు క్షారద్రవమునకు కాన్‌సుయ్ అని పేరు. సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్‌ల మిశ్రమము అది. పిండి తూకములో సుమారు నూటికొక వంతు చాలును. ఇన్నర్ మంగోలియా ప్రాంతపు చవుటిసరస్సుల నీటితో పిండి కలుపుటవలన ఈ పద్ధతి పుట్టినదని ప్రచారములో ఉన్న కథ. చీనాలోని లాన్‌జౌ నగరమున చేతితో సాగదీయు పోగులకు ఎడారిమొక్కలను కాల్చిన బూడిదను వాడుట అలవాటు. సరస్సైనను, మొక్కయైనను, మర్రిజాతి కట్టెయైనను, చివరకు పిండిలో చేరునది ఒక్క క్షారమే.

పిండిలో జరుగు మార్పు

ద్రవముల ఆమ్లతను, క్షారతను కొలుచుటకు పి.హెచ్. అను మానమును 1909లో కోపెన్‌హేగెన్ నగరపు కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు ప్రవేశపెట్టెను. దానిలో 7 తటస్థము. అంతకు తక్కువ ఆమ్లము, ఎక్కువ క్షారము. మామూలు గోధుమముద్ద 6కు చేరువలో ఉండును. కాన్‌సుయ్ కలిసిన ముద్ద 9 మొదలు 11 వరకు పోవును. ఈ మార్పు పిండిలో మూడు ఫలితములను కలిగించును.

మొదటిది రంగు. గోధుమపిండిలో ఏపిజెనిన్ అను ఫ్లేవోను యొక్క చక్కెరసంబంధమైన రూపములు స్వల్పముగా ఉన్నవి. ఆమ్లస్థితిలోను, తటస్థస్థితిలోను వానికి రంగు కానరాదు. క్షారము వాని అణువులనుండి హైడ్రోజను అయానును లాగుకొనగా, అణువులోని ఎలక్ట్రానుల అమరిక మారి అవి వెలుతురులోని నీలిభాగమును మ్రింగును. మిగిలిన వెలుగు మన కంటికి పసుపుగా కనబడును. గ్రుడ్డు కలుపకపోయినను రామెన్ పోగులు పచ్చగా ఉండుటకు మర్మమిదియే. పసుపునకు సున్నము చేయు పనియు ఈ జాతికి చెందినదే. అక్కడ పచ్చనిది ఎర్రబడినది, ఇక్కడ రంగులేనిది పచ్చబడినది. ఓకినావా సోబా గిన్నెలోని అల్లపు ఊరగాయ దీనికి విలోమోదాహరణము. సంప్రదాయపద్ధతిలో దానిని ఎర్రని ఆకుకూర రసము దిగిన పుల్లని ఊటలో ఊరవేయుదురు. ఆ ఆకులోని ఆంథోసయనిన్ ఆమ్లములోనే ఎర్రగా వెలుగును. ఒక్క గిన్నెలో క్షారపు పసుపును ఆమ్లపు ఎరుపును పక్కపక్కన నిలిచి, రసాయనశాస్త్రపు మొదటిపాఠమును చెప్పుచున్నవి.

రెండవది పట్టు. గ్లూటెన్ వలలోని అణువులను గంధకపు పరమాణువుల జంటలు ముడివేసి ఉంచును. క్షారస్థితిలో ఈ ముడులు త్వరత్వరగా విడివడి, మరల క్రొత్తచోట్ల పడి, వల బిగిసి గట్టిపడును. మరియు పిండిపదార్థపు రేణువులు నీరు పీల్చి ఉబ్బు విధమును సైతము క్షారము మార్చును. తత్ఫలితముగా పోగు చారులో నానినను త్వరగా చితికిపోక, పంటికి ఎదురుచెప్పి పిదప తెగును.

మూడవది వాసన. దీనిని గూర్చి చెప్పుటకు హైదరాబాదు వెళ్ళవలెను.

నగరమున ఒక గిన్నె

గుట్టకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదులో నేడు జపాను వంటకములు వడ్డించు భోజనశాలలు కొన్ని వెలసినవి. అట్టి ఒకదానిలో నేను శాకాహారపు రామెన్ తెప్పించుకొంటిని. కొంబు అను సముద్రపు నాచును, ఎండిన పుట్టగొడుగులను నానవేసి కాచిన చారు అది. ఆ నాచులోని రుచికి గ్లూటమేటు కారణమని 1908లో కికునాయె ఇకెదా అను జపాను శాస్త్రజ్ఞుడు తేల్చిన సంగతి రసాయనచరిత్రలో ప్రసిద్ధము. పోగులు సన్నగా, పచ్చగా, ఒకదానికొకటి అంటక, చారులో మెలికలు తిరిగి ఉన్నవి. మొదటి పోగును నోటికందుకొనునప్పుడు చారు ఆవిరితోపాటు మరియొక సన్నని వాసన ముక్కునకు సోకినది. అది నాకు క్రొత్తది కాదు. మినప్పిండిలో పాపడఖారము కలిపి, నూనె అద్దుచు రోటిలో దంచిన అప్పడాలపిండిని, ఒత్తకముందే గిల్లి నోట వేసుకొనిన ఎవ్వరికైనను అది తెలిసిన వాసనయే. ఎండకాలపు మధ్యాహ్నమున ఇరుగుపొరుగు స్త్రీలందరు చేరి అప్పడములొత్తు వసారాలో పెరిగిన తెలుగువానికి, ఆ గిన్నెలోని క్షారము దూరదేశపు అతిథి కాదు.

నాలుక చేసిన ఈ గుర్తింపును శాస్త్రము పూర్తిగా సమర్థించుచున్నది. పాపడఖారములోని ముఖ్యద్రవ్యము సోడియం కార్బొనేట్. కాన్‌సుయ్‌లోని ముఖ్యద్రవ్యములలో ఒకటి అదియే. చవుటినేలలలో పెరుగు మొక్కలను కాల్చి తీసిన సజ్జీఖారమును వెనుకటి కాలమున అప్పడములకు వాడెడివారు. మొక్కను కాల్చుట, బూడిదను నీట కలుపుట, వడగట్టుట, ఆ నీటిని మరిగించి చిక్కబరచుట అను క్రమమును సుశ్రుతసంహిత సూత్రస్థానములో క్షారపాకవిధి అను అధ్యాయము వివరముగా బోధించినది. వైద్యుడు వ్రణచికిత్సకై చేసిన పనినే ఓకినావా వంటవాడు పిండికై చేసినాడు. మినుములో గ్లూటెన్ లేదు. అయినను దానిలోని మాంసకృత్తులపైనను జిగురుపైనను క్షారము పనిచేయుటవలననే అప్పడము పలుచగా ఒత్తుటకు లొంగుచున్నది, కాల్చినప్పుడు పొంగుచున్నది.

ఇంతకును, గుట్ట క్రింది కిరాణాకొట్టులో ఇన్‌స్టంట్ నూడుల్స్ పొట్లము కొని తినిన ప్రతి బాలుడును కాన్‌సుయ్ రుచి నెరిగినవాడే. 1958లో మొమొఫుకు అందో ఒసాకాలో నూనెలో వేచి ఆరబెట్టిన రామెన్‌ను విక్రయమునకు తెచ్చినప్పటినుండి ఆ పొట్లములు లోకమంతట వ్యాపించినవి. 1983లో మ్యాగీ మన దేశమున అడుగుపెట్టినది. పొట్లము వెనుక సన్నని అక్షరములలో 500, 501 అను సంఖ్యలు కనబడినచో, అవి సోడియం, పొటాషియం కార్బొనేట్‌ల సంకేతములని గ్రహింపవలెను.

నల్లగొండ నీరు

క్షారము మన నేలలో ఎక్కడినుండి వచ్చినది? యాదగిరిగుట్టయు, ఏకశిలగా నిలిచిన భువనగిరి కొండయు, వీని చుట్టునున్న మెట్టభూములును అతిప్రాచీనమైన గ్రానైటు రాతిసంతతికి చెందినవి. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసువాయువును కలుపుకొని రాతిపగుళ్ళలోనికి దిగి, ఫెల్డ్‌స్పార్ అను ఖనిజమును యుగయుగములుగా కరగించుచున్నది. అప్పుడు సోడియమును బైకార్బొనేటును నీట చేరును. సున్నపుధాతువైన కాల్షియము మట్టిలో కంకరగా గడ్డకట్టి విడిపోవును. వర్షము తక్కువయై, ఎండ ఎక్కువయైన పల్లములలో నీరు ఆవిరి కాగా మిగిలిన లవణములే చవుడు. సబ్బు రాకముందు చాకలివారు ఆ చవుటిమట్టిని సేకరించి, బట్టలను ఆ నీళ్ళలో నానవేసి బానలో ఉడికించెడివారు. ఈ క్రియ పరాకాష్ఠ నొందిన చోటు చూడవలెనన్నచో దక్కను పీఠభూమిలోనే మహారాష్ట్రమున లోనార్ సరస్సు కలదు. ఉల్కాపాతమువలన ఏర్పడిన ఆ గుంటలోని నీటి పి.హెచ్. 10 ప్రాంతమున ఉండును.

మన బావినీరు అంతటి క్షారము కాదు. దానితో రామెన్ చేయ శక్యము కాదు. కాని దాని స్వల్పక్షారతయే ఒక మహావిపత్తునకు త్రోవ చూపినది. ఈ రాళ్ళలో ఫ్లోరైటు మొదలగు ఫ్లోరైడు ఖనిజములు కలవు. నీటిలో కాల్షియము సమృద్ధిగా ఉన్నచో అది ఫ్లోరైడును కట్టిపడవేయును. సోడియం బైకార్బొనేటు హెచ్చి కాల్షియము తగ్గినచోట ఫ్లోరైడు యథేచ్ఛగా కరగి త్రాగునీట చేరును. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ జిల్లా వ్యాధిగ్రస్తులను గూర్చి సిద్దీఖీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. పండ్లపై గోధుమరంగు గారలు, వంగిన వెన్నెముకలు, ముడుచుకొనిన కీళ్ళు: ఈ సీమలో ఒకటి రెండు తరములవారి బ్రదుకులను ఈ నీరు ఎట్లు కృంగదీసినదో చెప్పుటకు మాటలు చాలవు. భారతీయప్రమాణముల ప్రకారము లీటరు త్రాగునీట ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు గతి లేనప్పుడు 1.5 వరకు సహింపవచ్చును.

దీనికి విరుగుడుగా నాగపురములోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధనసంస్థ రూపొందించిన విధానమునకు లోకమంతట నల్లగొండ పద్ధతి అనియే పేరు. నీటిలో సున్నమును, పటికను, బ్లీచింగు పొడిని లెక్కప్రకారము వేసి కలియబెట్టినచో, సున్నపు క్షారతవలన పటికనుండి అల్యూమినియం హైడ్రాక్సైడు తునకలు తునకలుగా పుట్టి, ఫ్లోరైడును తమతో ఈడ్చుకొని అడుగునకు దిగును. పైన తేరిన నీటిని వడగట్టి త్రాగవలెను. క్షారజలము తెచ్చిన కీడును తొలగించుటకు సున్నమను మరియొక క్షారమే తోడ్పడినది. తరువాతి కాలమున మిషన్ భగీరథ అను త్రాగునీటి పథకము ద్వారా నదీజలములు పల్లెలకు చేరుచుండుట ఈ దుఃఖమునకు మరింత మేలైన పరిష్కారము.

ఇంట చేయదగిన పరీక్ష

ఈ విషయమును చదివి ఊరకుండుటకంటె చేతితో చేసి చూచుట మేలు. 100 గ్రాముల తినేసోడాను ఇనుప మూకుడులో వేసి, సన్నని సెగపై గంటసేపు గరిటెతో త్రిప్పుచు వేయించినచో, బొగ్గుపులుసువాయువును నీటియావిరియు వెడలిపోయి, సుమారు 63 గ్రాముల సోడియం కార్బొనేట్ మిగులును. అల్యూమినియము పాత్రను ఇది తినివేయును గనుక వాడరాదు. పొడిని కంటికిని తడిచేతికిని తగులనీయరాదు. పిల్లలు పెద్దల సమక్షముననే చేయవలెను. ఈ పొడిలో ఒక్క గ్రామును 40 మిల్లీలీటర్ల నీట కరగించి 100 గ్రాముల మైదాలో కలుపుడు. వేరొక పాత్రలో అంతే మైదాను ఉత్తనీటితో కలుపుడు. ముద్దలు పొడిపొడిగా ఉన్నను భయపడక, తడిబట్ట కప్పి అరగంట ఉంచి, గట్టిగా ఒత్తి, పలుచగా వత్తి, కత్తితో సన్నని పోగులుగా కోయుడు. మొదటి ముద్ద కోయకముందే పసుపువన్నె తాల్చును. ఉడికించి కొరికినచో రెండింటి పట్టులోని తేడా నాలుకకు విశదమగును. ఆ పొడిని కరగించిన నీటిని మరికొంత వేరుగా చేసి, అందులో చిటికెడు పసుపు వేసి, ఎర్రబడిన పిదప చింతపులుసు చుక్కలుగా పోయుచు పోయినచో, రంగు మరల పచ్చబడు హద్దును సైతము కనుగొనవచ్చును.

ఒక్క గ్రాము ముద్దకు పట్టునిచ్చినది. ఐదు గ్రాములు వేసినచో ఆ పోగులు సబ్బురుచి కలిగి తినుటకు పనికిరానివగును. అప్పడమునకు రుచియైన క్షారమే పొలమున హెచ్చినచో పైరు ఎదుగదు. బావినీట హెచ్చినచో ఫ్లోరైడునకు తలుపు తెరచును. ద్రవ్యమునకు స్వతస్సిద్ధముగా మంచియు లేదు, చెడుయు లేదు. స్వదేశమును లేదు, పరదేశమును లేదు. దానిని ఎంత కొలిచి ఎచ్చట వాడవలెనో తరతరముల అనుభవముతో నేర్చుకొన్న ఓకినావా వంటవారును, అప్పడములొత్తిన మన అవ్వలును ఒకే శాస్త్రమునకు ఆచార్యులు. వారికి తెలిసిన మోతాదునకు కారణమును గ్రహించి, ఆ జ్ఞానమును త్రాగునీటి మొదలు పంటనేల వరకు విస్తరింపజేయుట ఈ తరపు విద్యార్థుల కర్తవ్యము. ఆ విద్యకు కావలసిన ద్రవ్యములన్నియు యాదగిరిగుట్ట అంగడిలోనే దొరకును.